కుర్చీ ఎక్కడికి పోతోందో కూడా చూద్దాం



పోస్టు కొంచెం పెద్దదే. ఓపికున్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు దాచుకొని ఆదివారం చదవండి. మొన్న ఒక తమ్ముడు "అన్నా, భోగాపురం ఎయిర్‌పోర్టులో మనోళ్లకి ఏం ఉద్యోగాలు వస్తాయి?" అని అడిగాడు. చాలామంది జవాబు చెప్పారు. సెక్యూరిటీ అన్నారు, లగేజీ లోడింగ్ అన్నారు, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, క్యాబ్ డ్రైవింగ్ అన్నారు. మెకానిక్ అని ఒక్కడు అన్నాడు. కంట్రోల్ రూమ్ అని మాత్రం ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. రాత్రి పడుకున్నాక అదే ఆలోచన. ఎందుకు అనలేదు మనం? అందుకే ఈ పోస్టు.

నాది సీతంపేట ఏజెన్సీ. ఆమదాలవలసలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. హాస్టల్ నుంచి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, ఊరు మాత్రం ఆమదాలవలస. శ్రీకాకుళం టౌనులో రైలు లేదు కాబట్టి అక్కడివాళ్లు కూడా ఇక్కడికే రావాలి. మా నాన్న చెన్నై కూలికి వెళ్లినప్పుడల్లా ఇక్కడే రైలెక్కేవాడు. సాయంత్రం పూట నేను, నా రూమ్‌మేట్ ప్లాట్‌ఫాం చివర కూర్చొని చదువుకుంటాం. రైళ్లు ఎవరు నడుపుతారు అంటే డ్రైవర్ అని చెప్పే రకం నేను. ఒక సంగతి జరిగేదాకా.

ఒకసారి ఊరికి వెళ్తూ ఒక చిన్న స్టేషన్‌లో దిగాను. పాసింజర్ ఎక్కడో ఆగిపోయింది. ఒక ముసలాయన స్టేషన్ మాస్టర్ గది దగ్గరికెళ్లి "ఏటి బావూ, రైలు నువ్వే ఆపీసినావేటి?" అని గట్టిగా అడిగాడు. ఆయన నవ్వి "నాను కాదు తాతా, కంట్రోలు వొదల్లేదు" అన్నాడు. తాతకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. తరవాత తెలుసుకున్నాను. ఎక్కడో నగరంలో ఒక గదిలో సెక్షన్ కంట్రోలర్ అనే ఆయన కూర్చుంటాడు. తన సెక్షన్‌లో ఏ రైలు ఎక్కడుందో, ఏది ముందు పోవాలో, ఏ గూడ్సుని పక్క లైనులో పెట్టాలో ఆయన చెప్తాడు. స్టేషన్ మాస్టర్లు ఆ మాట ప్రకారం నడుచుకుంటారు. పట్టాలు మన ఊళ్లో ఉంటాయి, రైలు మన ముందే పోతుంది, నిర్ణయం మాత్రం ఆ గదిలో ఉంటుంది.

విమానాలకీ అంతే. విమానం దిగాక పైలట్ ఏదైనా లోపం కనబడితే పుస్తకంలో రాస్తాడు. ఎయిర్‌పోర్టులో ఉన్న ఇంజినీరు చూస్తాడు, తరవాత తమ కంపెనీ మెయింటెనెన్స్ కంట్రోల్‌కి ఫోన్ చేస్తాడు. అక్కడ ఇరవై నాలుగు గంటలూ మనుషులుంటారు. ఏ భాగం పనిచేయకపోయినా విమానం ఎగరొచ్చు, ఏది లేకపోతే ఎగరకూడదు అని ముందే ఆమోదించిన జాబితా ఒకటి ఉంటుంది. ఎగరొచ్చు అన్నవాటిలో కొన్నిటికి 3 రోజుల గడువు, కొన్నిటికి 10, కొన్నిటికి 120 రోజులు. ఆ లోపు బాగు చెయ్యాల్సిందే. విడిభాగం ఏ ఊళ్లో ఉంది, ఏ విమానంలో పంపాలి, రాత్రికి ఏ హ్యాంగర్ ఖాళీ, ఇవన్నీ ఆ కంట్రోల్ వాళ్లు చూస్తారు. చేతికి గ్రీజు అంటని మెకానిక్ పని అనుకోండి. జీతం ఉంటుంది, గౌరవం ఉంటుంది, మాట చెల్లుతుంది.

ఇలాంటి కుర్చీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిపోతుంటాయి. ఎయిర్ ఇండియా ప్రధాన కార్యాలయం ఎన్నో ఏళ్లు ముంబైలో ఉండేది. 2013లో ఢిల్లీకి మారింది. 2022 జనవరి 27న కంపెనీ టాటాల చేతికి వెళ్లాక గురుగ్రామ్‌కి మారింది. ఇండిగో కూడా గురుగ్రామ్ నుంచే నడుస్తుంది. అమెరికాలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. యూఎస్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ 2008లో పిట్స్‌బర్గ్ దగ్గర కొత్త కంట్రోల్ సెంటర్ కట్టుకుంది. 2013లో ఆ కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 2015లో ఫోర్ట్‌వర్త్‌లో ఒకే పెద్ద కంట్రోల్ సెంటర్ పెట్టి పిట్స్‌బర్గ్ పని అక్కడికి తీసుకుపోయారు. వందలమంది ముందు రెండే దారులు. సామాను సర్దుకొని వెళ్లడమో, ఉద్యోగం వదులుకోవడమో. కొత్త బిల్డింగ్ కట్టారు కదా, ఇంకెక్కడికీ పోదులే అనుకోవడానికి లేదని అక్కడివాళ్లకి ఏడేళ్లలో తెలిసిపోయింది.

అది దూరం మాట. మన దగ్గర మాట వాల్తేరు డివిజన్.

2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. మన ప్రాంతం చాలా ఏళ్లు అడిగిన జోన్ అది. విశాఖ, విజయవాడ, గుంటూరు, గుంతకల్ డివిజన్లు అందులో ఉంటాయి. దాంతోపాటే వాల్తేరు డివిజన్‌ని రెండు ముక్కలు చెయ్యాలన్నారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఏ ముక్క ఎటో తేల్చింది. పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ, విజయనగరం నుంచి కూనేరు, నౌపడ నుంచి పర్లాకిమిడి, బొబ్బిలి నుంచి సాలూరు, ఇలా సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో ఇటు ఉంటాయి. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఇందులోనే. కొత్తవలస నుంచి బచేలి, కూనేరు నుంచి తేరుబలి, సింగాపూర్ రోడ్ నుంచి కోరాపుట్, పర్లాకిమిడి నుంచి గుణుపూర్, ఇలా సుమారు 680 కిలోమీటర్లు కొత్త రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలో ఉంటాయి. ఇటు జోన్ ఆఫీసుకి, అటు రాయగడ డివిజన్ ఆఫీసుకి 2025 జనవరిలో ఒక్క వారంలోనే శంకుస్థాపనలు అయ్యాయి.

పేపర్లలో, టీవీల్లో దీన్ని ఆంధ్రాకి లాభమా నష్టమా, ఒడిశాకి లాభమా నష్టమా అని లెక్క వేశారు. ఇనుప ఖనిజం రవాణా ఆదాయం అటు పోయింది అన్నారు. అరకు భాగాన్ని విశాఖలోనే ఉంచాలని అడిగినవాళ్లున్నారు. వాళ్ల లెక్క వాళ్లది. మన లెక్క ఎవరూ వెయ్యలేదు, మనం కూడా వేసుకోలేదు.

ఆ మ్యాప్ ఒకసారి ముందు పెట్టుకొని చూడండి. రాయగడ వైపు వెళ్లిన లైన్లన్నీ ఎక్కడున్నాయి? అరకు, బొర్రా, కోరాపుట్, రాయగడ, గుణుపూర్, బస్తర్ కొండలు. మొత్తం మన జనమే. సవరలు, జాతాపులు, కోదులు, కొండదొరలు, పరజలు, గదబలు. మా అమ్మ వైపు చుట్టాలు గుణుపూర్ దగ్గర ఉన్నారు. నౌపడలో ఎక్కి టెక్కలి, పాతపట్నం మీదుగా వెళ్తాం. ఇప్పుడు ఆ ఒక్క లైనే పర్లాకిమిడి దగ్గర రెండు డివిజన్లవుతుంది. రైలు అదే, ఎక్కే మనుషులు వాళ్లే, మాట్లాడే సవర భాషా అదే. ఆఫీసు మాత్రం మధ్యలో మారిపోతుంది. పలాస దాటాక మందస, సోంపేట, ఇచ్ఛాపురం కూడా మన జిల్లావే అయినా డివిజన్ ఖుర్దా రోడ్. కాబట్టి మనకి ఇది కొత్త కాదు.

అందుకని "రాయగడకి పోయింది, అన్యాయం" అని నేను రాయలేను. రాయగడ కూడా మనదే. ఆదివాసీ జిల్లాకి ఒక పెద్ద ఆఫీసు రావడం మంచిదే. అక్కడి పిల్లలు డివిజన్ ఆఫీసు చూడ్డానికి విశాఖ దాకా రానక్కర్లేదు. ఈ విషయంలో నాతో గొడవపడే మిత్రులుంటారని తెలుసు. పడండి, పర్లేదు.

కానీ ఇక్కడే అసలు ప్రశ్న. ఆఫీసు మన మధ్యకి వస్తే కుర్చీలో మనోడు కూర్చుంటాడా?

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి వేశారు. మన కొండల్ని తొలిచి సొరంగాలు చేశారు. రాళ్లు మోసినవాళ్లలో మన తాతలున్నారు. ఇన్నేళ్లుగా ఖనిజం మన కళ్ల ముందు నుంచే దిగుతోంది. ఆ లైను పక్కనే పుట్టి, ఆ లైను కంట్రోల్‌లో కూర్చున్న ఆదివాసీలు ఎంతమంది తెలుసు మీకు? తెలిస్తే కింద రాయండి, నిజంగా సంతోషిస్తాను. నాకు ఒక్కరూ తెలీదు.

జీవో 3 సంగతి మన గ్రూపులో అందరికీ తెలిసిందే. 2000లో వచ్చింది. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. స్కూల్ మన ఊళ్లోనే ఉంది, కదల్లేదు. కుర్చీ మీద హక్కు మాత్రం కదిలిపోయింది. ఆఫీసు దగ్గరికి రావడం వేరు, కుర్చీ దగ్గరికి రావడం వేరు అని అప్పుడే మనకి తెలిసుండాలి.

ఇప్పుడు మా ఇంటి మాట ఒకటి చెప్తాను. మా అన్న ఐటీఐ ఫిట్టర్ చేశాడు. మా ఊళ్లో మొదటి ఐటీఐ సర్టిఫికెట్ అతనిదే. 2022లో జిల్లాలు మారాయి కదా. సీతంపేట శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అన్న ఒక అప్రెంటిస్ పోస్టుకి దరఖాస్తు చెయ్యాలి. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. ఒక ఆఫీసుకి వెళ్తే "మీ కాయితాలు అటు ఎల్లిపోనాయి" అన్నారు. అటు వెళ్తే "ఇంకా రానేదు, వొచ్చే వారం రా" అన్నారు. మూడుసార్లు తిరిగాడు. మూడు రోజుల కూలి పోయింది, బస్సు చార్జీలు పోయాయి. సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి ఆఖరి తేదీ దాటి నాలుగు రోజులు. అన్న ఏమీ అనలేదు. ఆ కాయితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలం కింద దోపాడు. ఇప్పుడు చెన్నై దగ్గర సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నా పుస్తకాల డబ్బులు అక్కడి నుంచే వస్తాయి.

మన్యం పేరుతో జిల్లా రావడం తప్పని నేను అనను. కావాల్సిందే. కానీ ఆఫీసు మారేటప్పుడు రెండు టేబుళ్ల మధ్య ఎవడో ఒకడు పడిపోతాడు. జీతం ఉన్నోడు పడడు, వాడికి బదిలీ ఆర్డరు ఉంటుంది. పట్నంలో బాబాయో మావయ్యో ఉన్నోడు పడడు. ఎవరూ లేనోడే పడతాడు. విశాఖలో ఇప్పుడున్న ఎయిర్‌పోర్టు నేవీది. అక్కడి పౌర విమానాలు భోగాపురానికి మారాలన్నది ప్రణాళిక. పర్మినెంట్ ఉద్యోగి బండేసుకొని వెళ్తాడు. అక్కడ ట్రాలీలు తోసే కాంట్రాక్టు కుర్రాడి సంగతేంటి? నెలకి ఎన్ని వేలు బస్సుకే పోతాయి? ఇది ఎవరు లెక్క వేస్తారు?

ఇంకో పెద్ద సంగతి. రైల్వే కుర్చీ ఎంత దూరం పోయినా దాని వెంట రిజర్వేషన్ పోతుంది. కేంద్ర ఉద్యోగాల్లో అఖిల భారత పోటీలో మనకి 7.5 శాతం. రాయగడ అయినా, విశాఖ అయినా, భువనేశ్వర్ అయినా అది ఉంటుంది. ఎయిర్ ఇండియా ప్రభుత్వ కంపెనీగా ఉన్నంతకాలం అక్కడా ఉండేది. అమ్మేశాక లేదు. ప్రైవేటు కంపెనీకి ఆ నిబంధన వర్తించదు. అంటే ఎయిర్ ఇండియాలో కుర్చీ ముంబై నుంచి గురుగ్రామ్‌కి మాత్రమే మారలేదు, రాజ్యాంగం మనకిచ్చిన వాటా అవతలికి కూడా మారింది. కిలోమీటర్ల కంటే ఈ దూరమే ఎక్కువ. దీని మీద మన సంఘాలు గట్టిగా మాట్లాడినట్టు నేను వినలేదు.

భోగాపురం ఎయిర్‌పోర్టుకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. రంప కొండల్లో మన తాతల్ని వెంట పెట్టుకొని 1922 నుంచి 1924 దాకా పోరాడిన మనిషి పేరు. రెండు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన చేశారు. దేశానికి పౌర విమానయాన మంత్రులుగా విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు చేశారు, ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు చేస్తున్నారు. పక్కపక్క జిల్లాల నుంచి ఇద్దరు. ఇంతకంటే మంచి సమయం మనకి రాదు. పేరు మనది పెట్టారు, సంతోషం. కుర్చీల్లో కొన్నయినా మనవి కావాలి కదా.

ఒకటి ఒప్పుకోవాలి. కంట్రోల్ అంతా ఒకే గదిలో ఉండటానికి కారణం ఉంది. వందల విమానాలు ఒకే చోట నుంచి చూస్తే నిర్ణయం తొందరగా అవుతుంది, పొరపాటు తగ్గుతుంది. ప్రాణాలతో పని. మా ఊరికొక కంట్రోల్ రూమ్ ఇవ్వండి అని అడగడం తెలివైన పని కాదు. పెద్ద మరమ్మతు కేంద్రాలు కూడా బెంగళూరు, హైదరాబాద్ వైపు పోతున్నాయి. 2025 నవంబరులో శంషాబాద్ దగ్గర సాఫ్రాన్ కంపెనీ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. పూర్తిగా నడిచే నాటికి ఏడాదికి 300 ఇంజిన్లు చూస్తారట. ఇంజిన్‌ని భోగాపురం రమ్మంటే రాదు. మనమే అక్కడికి వెళ్లగలిగేలా తయారవ్వాలి. మన నాన్నలు చెన్నై వెళ్లలేదా? వెళ్లారు. ఎక్కడికి వెళ్తున్నాం అన్నది కాదు, ఏ పనికి వెళ్తున్నాం అన్నదే తేడా.

కాబట్టి నేను అడిగేవి మూడు.

ఒకటి, ఐటీడీఏల ద్వారా ప్రతి ఏడాదీ కొంతమంది గిరిజన విద్యార్థులకి విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కోర్సు పూర్తి ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లు అర్హులే, డీజీసీఏ ఆమోదించిన స్కూల్లో చదివి లైసెన్స్ పరీక్షలు రాయాలి. ఫీజు లక్షల్లో ఉంటుంది. మా నాన్న పోడు చేలో జీడిపిక్కలు ఎన్నేళ్లు అమ్మితే అంత వస్తుంది?

రెండు, ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీలు తీసుకునే విమానయాన కంపెనీలు ఈ ప్రాంతంలో అప్రెంటిస్‌లు తీసుకునేటప్పుడు ఏజెన్సీ పిల్లలకి వాటా ఇస్తామని ఒప్పందంలోనే రాయాలి. నోటి మాట వద్దు.

మూడు, ఆఫీసు ఏదైనా మారేటప్పుడు, అది డివిజన్ కానీ జిల్లా కానీ, పాత ఆఫీసు దగ్గర కనీసం ఏడాది పాటు ఒక టేబుల్ ఉంచాలి. సర్టిఫికెట్, పాసు, పెన్షన్ లాంటివి అక్కడే ఇవ్వాలి. ఒక్క టేబుల్, ఒక్క మనిషి. అది ఉంటే మా అన్న ఈపాటికి రైల్వేలో ఉండేవాడేమో.

ఇక మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి. 2025లో రైల్వే సెక్షన్ కంట్రోలర్ పోస్టులు 368 వేసింది. అర్హత ఏ డిగ్రీ అయినా చాలు. మొదలు మూల వేతనమే 35,400. పరీక్ష తెలుగులో రాసుకోవచ్చు. ఎస్టీ అభ్యర్థులకి పరీక్ష కేంద్రానికి వెళ్లిరావడానికి స్లీపర్‌లో ఉచిత పాసు ఇస్తారు. మా హాస్టల్లో ఆఖరి సంవత్సరం అన్నలు చాలామంది ఉన్నారు. ఎంతమంది పెట్టారని అడిగాను. "అదేటి పోస్టురా?" అన్నారు. వాళ్లని తప్పు పట్టను. ఆ గది ఒకటి ఉందని మనకి ఎవరూ చెప్పలేదు. కానీ ఇప్పుడు తెలిసింది కదా. ఇక నుంచి తెలీదు అనకూడదు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. డిగ్రీ అయ్యాక నన్ను కూడా చెన్నై రమ్మంటున్నాడు అన్న, సూపర్‌వైజర్ పని ఉందట, నెలకి డబ్బులు వస్తాయి. ఇంట్లో అప్పుంది. ఒక్క ఏడాది ఆగుతాను, సెక్షన్ కంట్రోలర్‌కి చదువుతాను అని మొన్న ఫోన్లో చెప్పాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తరవాత "అదేటి పని?" అన్నాడు. రైళ్లని ఆపేది, వదిలేది అని చెప్పాను. "అయితే సదువు. నీ సర్టిఫికెట్టు మాత్రం ఇప్పుడే తీయించుకో" అన్నాడు. నిన్న దరఖాస్తు పెట్టి వచ్చాను.

మీరూ పెట్టండి. కేంద్ర ఫార్మాట్ సర్టిఫికెట్ లేనివాళ్లు నోటిఫికేషన్ కోసం ఎదురు చూడకుండా ఈ నెలలోనే తీయించుకోండి. ఎలా చెయ్యాలో తెలియకపోతే కింద అడగండి, నాకు తెలిసింది చెప్తాను. లెక్కలు, రీజనింగ్ కలిసి చదువుకుందాం అనుకునే ఆమదాలవలస, పాలకొండ, పార్వతీపురం వైపు మిత్రులుంటే పేరు రాయండి. ఆదివారాలు కూర్చుందాం. తప్పులు రాసుంటే సరిచెయ్యండి.

జై ఆదివాసీ.